లెక్క చెప్పేటోడే నాయకుడు

(విద్యార్థులు, అధ్యాపకులు, ఉద్యోగులు కలిసి కూర్చున్న ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం ఇది. ఉస్మానియా హాస్టళ్లలో ఉండి చదువుకొని, తర్వాత బడుల్లో, ఆఫీసుల్లో, కోర్టుల్లో కొలువులు చేసిన మిత్రులం కొందరం కలిసి రాసుకొని, ఒకరి తర్వాత ఒకరం చదివినం. అందుకే ఇందులో 'మేం' అని ఉంటది.)



మాకు ఇచ్చిన అంశం 'విశ్వవిద్యాలయం, నాయకత్వం, పౌర బాధ్యత'. ఇసొంటి అంశం మీద మాట్లాడమంటే ఎవరైనా ఆర్ట్స్ కాలేజీ మెట్ల కాడి నుంచి మొదలుపెడతరు. మేం మెస్సు హాలు కాడి నుంచి మొదలుపెడతం. నాయకత్వమంటే ఏందో మేం మొట్టమొదట చూసింది అక్కడ్నే.

మేమున్న హాస్టల్‌లో ఒక ఏడు మెస్సు బిల్లు నెల నెలా పెరుగుకుంట పోయింది. పప్పు పల్చబడుకుంట పోయింది. మాలో పెద్ద గొంతులోళ్లు నలుగురు ఉండేటోళ్లు. రోజూ ఎవరో ఒకరు లేచి ప్లేటు మోగించేది, వార్డెన్ డౌన్ డౌన్ అనేది, మేం కూడా అనేది. తెల్లారితే మళ్ల అదే పప్పు. అప్పుడు పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఒక పిలగాడు ఒక పని చేసిండు. మాట్లాడితే ఆయన గొంతు పక్క టేబుల్ దాకా కూడా పోయేది కాదు. పొద్దున ఐదింటికి లేచి వంటింట్లో నిలబడి ఎన్ని కిలోల బియ్యం దిగినయి, ఎంత పప్పు పోసిన్రు, ఎంతమంది తిన్నరు, అన్నీ నోటుబుక్కులో రాసుకున్నడు. నెల రోజులు రాసిండు. నెలాఖరుకు ఒక చార్టు తీసుకొని, బిల్లులో ఉన్నది ఒక పక్క, గిన్నెలో పడ్డది ఇంకో పక్క రాసి మెస్సు హాలు గోడకు అంటించిండు. తిట్టు లేదు, నినాదం లేదు.

అయితే ఆ చార్టులో మూడో వరుస ఒకటి ఉండె. పేరు రాయించకుండా, టోకెన్ తీసుకోకుండా దోస్తులను పట్టుకొచ్చి తినిపించిన పూటలెన్నో అందులో ఉన్నయి. ఎవరు తినిపించిన్రో పేర్లు కూడా ఉన్నయి. ఆ పేర్లలో మా పేర్లున్నయి. ప్లేట్లు మోగించిన నలుగురి పేర్లు కూడా ఉన్నయి.

ఆ రోజు మెస్సు హాలులో ఎవరం మాట్లాడలేదు. వారం దినాలకు మెస్సు కమిటీ పడ్డది. నెలకు ఇద్దరు చొప్పున వంతులు వేసుకున్నం. ప్రతి నెలా లెక్క గోడ మీదికి ఎక్కాలని రాసుకున్నం. బిల్లు దిగింది, పప్పు చిక్కబడ్డది. ఆ పిలగాడు తర్వాత ఏ పార్టీలోనూ నాయకుడు కాలేదు. బడిపంతులయి, రిటైరయి, ఇప్పుడు ఊర్లెనే ఉంటున్నడు. కానీ ఇన్నేండ్ల తర్వాత కూడా నాయకుడు అన్న మాట వింటే మాకు ఆయన్నే యాదికొస్తడు. ఎదుటోని లెక్కను, తన వాళ్ల లెక్కను ఒకే గోడ మీద పెట్టగలిగినోడు నాయకుడు. ఇయాల మేం చెప్పదల్చుకున్నది ఇంతే. మిగిలిందంతా దీనికి సాక్ష్యాలే.

గేటు దాటిన చదువు

మన విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. ఇంగ్లీషులో తప్ప పెద్ద చదువు లేదనుకునే రోజుల్లో ఒక దేశభాషలో, ఉర్దూలో, సైన్సు నుంచి న్యాయశాస్త్రం దాకా చెప్పిన చోటు ఇది. దానికోసం ప్రత్యేకంగా అనువాద శాఖ పెట్టి పుస్తకాలు తర్జుమా చేయించిన్రు. కట్టించింది నిజాం ప్రభువు. ప్రభువు చల్లగుండాలని కట్టిన బడి అది. కానీ బడి కట్టినోని మాట బడిలో పిల్లలు ఎల్లకాలం వినరు. ఇరవై ఏండ్లు తిరిగేసరికి, 1938లో, హాస్టల్ పిల్లలు వందేమాతరం పాడుతమన్నరు. వద్దన్నరు. పాడినోళ్లను వెళ్లగొట్టిన్రు. వాళ్లలో చాలామంది నాగపూర్ విశ్వవిద్యాలయానికి పోయి చదువు పూర్తి చేసుకున్నరు. పి.వి. నరసింహారావు అట్ల పోయినోళ్లలో ఒకరు. ఆ పిల్లలకు అప్పుడు పార్టీ టికెట్ల ఆశ లేదు, కాంట్రాక్టుల ఆశ లేదు. చదువు పోతదని తెలిసి కూడా నిలబడ్డరు. ఎవరి పేరు మీద వాళ్లు నష్టపోయిన్రు.

1952లో ముల్కీ ఉద్యమం వచ్చింది. స్థానికులకే కొలువులని నిబంధన ఉండంగనే బయటోళ్లు కుర్చీల్లో కూర్చుంటున్నరని వరంగల్ విద్యార్థులు మొదలు లేచిన్రు. హైదరాబాద్ అందుకున్నది. సెప్టెంబర్‌లో సిటీ కాలేజీ దగ్గర పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయినయి. జస్టిస్ పింగళి జగన్మోహన్‌రెడ్డితో విచారణ వేసిన్రు. ఆ గొడవను కండ్లారా చూసిన వరంగల్ విద్యార్థుల్లో కొత్తపల్లి జయశంకర్ ఒకరు. తర్వాత ఆయన పంతులయిండు, 1991 నుంచి 1994 దాకా కాకతీయ విశ్వవిద్యాలయానికి వైస్ చాన్సలర్‌గా ఉన్నడు. జయశంకర్ సారు మాట్లాడంగ విన్నోళ్లు ఇక్కడ చాలామంది ఉన్నరు. సారు ఎన్నడన్నా అరిచిండా? మైకు గుద్దిండా? నీళ్లెన్ని వచ్చినయి, పైసలెన్ని పోయినయి, కొలువులెన్ని దక్కలేదు అని ఒక్కొక్కటి విప్పి చెప్పేటోడు. ఏ ఊర్లో అడిగినా చెప్పేటోడు, వందమందికీ చెప్పేటోడు, పదిమందికీ చెప్పేటోడు. 2011 జూన్ 21న కన్నుమూసేదాకా అదే పని చేసిండు. ఆ మెస్సు హాలు చార్టునే సారు తెలంగాణ అంతటికీ అంటించిండని మేం అనుకుంటం.

1969 ఉద్యమం కూడా లెక్క కాడనే మొదలైంది. 1956 ఫిబ్రవరి నాటి పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్న రక్షణలు ఏమైనయి, తెలంగాణ మిగులు నిధులు ఎక్కడ పోయినయి అన్న ప్రశ్న అది. పాల్వంచ థర్మల్ కేంద్రంలో కొలువుల అన్యాయం మీద గొడవ లేచింది. జనవరి 8న ఖమ్మంలో రవీంద్రనాథ్ అనే విద్యార్థి నిరాహార దీక్షకు కూర్చున్నడు. ఆ నెల తిరగకముందే ఉస్మానియా అంటుకున్నది. మిగులు నిధులు తేల్చడానికి లలిత్ కమిటీని, తర్వాత భార్గవ కమిటీని వేయక తప్పలేదు. ఆ పిల్లల చదువు ఒక ఏడాది పోయింది. ఉద్యమకారులు 369 మంది అమరుల లెక్క చెప్తరు.

దాని తర్వాతి ముచ్చట కూడా చెప్పుకోవాలె. తెలంగాణ ప్రజాసమితి 1971 లోక్‌సభ ఎన్నికల్లో మన 14 సీట్లలో 10 గెలిచింది. అదే ఏడు సెప్టెంబర్‌లో పోయి కాంగ్రెస్‌లో కలిసింది. కలిసే ముందు ఎవరిని అడిగిన్రు? హాస్టళ్లలో పిల్లలను అడిగిన్రా? కొడుకును పోగొట్టుకున్న తల్లిని అడిగిన్రా? పెద్దోళ్ల ద్రోహమని తిట్టుకొని ఊకుంటే సరిపోదు. విద్యార్థుల వైపు తప్పేందంటే, ఉద్యమాన్ని పెద్దోళ్ల చేతిలో పెట్టినప్పుడు లెక్క అడిగే హక్కును కూడా దాంతోపాటే అప్పజెప్పినం. తీసుకున్నోళ్లను నెల నెలా గోడ కాడికి పిలిచే ఏర్పాటు ఒక్కటి చేసుకోలేదు.

బడికి కూడా వెన్నెముక ఉండాలె

నాయకత్వమంటే విద్యార్థులదే అనుకుంటం. విశ్వవిద్యాలయం అనే సంస్థకు కూడా నిలబడే గుణం ఉండాలె. ఇది ఉద్యోగ మిత్రులు, అధ్యాపక మిత్రులు జర మనసు పెట్టి వినాలె.

1966లో అప్పటి ప్రభుత్వం ఉస్మానియా చట్టాన్ని సవరించింది. అప్పటికి కొలువులో ఉన్న వైస్ చాన్సలర్ డి.ఎస్. రెడ్డి పదవీకాలం మధ్యలోనే ముగిసిపోయేటట్టు, 90 రోజుల్లో కొత్తాయన వచ్చేటట్టు 13-ఏ అని ఒక సెక్షన్ చేర్చింది. ఒక్క మనిషిని దించడానికి చట్టం! డి.ఎస్. రెడ్డి మెత్తగ ఇంటికి పోలేదు. కోర్టుకు పోయిండు. 1967లో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కొట్టేసింది, అది సమానత్వ హక్కుకు విరుద్ధమన్నది. ఆ తీర్పును న్యాయశాస్త్రం విద్యార్థులు ఇప్పటికీ చదువుతరు.

ఆ కుర్చీలో కూర్చున్న మనిషికి ఒక సోయి ఉండె. ఈ కుర్చీ నాకు ఇచ్చినోని సొత్తు కాదు, చట్టం సొత్తు అన్న సోయి. పై నుంచి ఫోను రాంగనే నోటీసుల మీద సంతకం పెట్టే అధికారికి ఆ సోయి ఉంటదా? పౌర బాధ్యత అనేది ఊరేగింపులోనే ఉండదు. ఫైలు మీద రాసే ఒక్క నోటులో కూడా ఉంటది. 'ఇది నిబంధనకు విరుద్ధం' అని ఎర్ర ఇంకుతో రాసి కింద సంతకం పెట్టిన ఒక సెక్షన్ ఆఫీసరు కూడా మా దృష్టిలో నాయకుడే.

ఎన్నికలు ఎట్ల బందైనయి

1972 ఏప్రిల్ 14న ఉస్మానియా క్యాంపస్‌లో జార్జిరెడ్డిని పొడిచి చంపిన్రు. భౌతికశాస్త్రంలో బంగారు పతకం పొందిన విద్యార్థి. పేద పిల్లల తరఫున, మతం పేరున, బలం పేరున చేసే పెత్తనానికి ఎదురు నిలబడ్డోడు. ఆయన రాజకీయాలతో ఒప్పుకునేటోళ్లున్నరు, ఒప్పుకోనోళ్లున్నరు. కానీ వాదనకు జవాబు కత్తితో చెప్పిన్రన్నది అందరం ఒప్పుకోవాలె. ఆ తర్వాత కూడా క్యాంపస్‌లలో కొట్లాటలు జరిగినయి, ప్రాణాలు పోయినయి. ఎన్నికలంటే హాకీ కట్టెలు, సైకిల్ చైన్లు అనే పేరు వచ్చింది. తల్లిదండ్రులు భయపడ్డరు. వాళ్ల భయం ఉత్తదని మేం అనం.

ఆ భయాన్నే అడ్డం పెట్టుకొని 1988 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో విశ్వవిద్యాలయాల విద్యార్థి సంఘాల ఎన్నికలు ఆపేసిన్రు. రోగి కాలుకు పుండయితే మందు పెట్టాలె. కాలే తీసేసిన్రు. మరి హింస ఆగిందా? ఆగలేదు. విద్యార్థి రాజకీయాలు పోయినయా? పోలేదు. పోయింది ఒక్కటే, విద్యార్థి విద్యార్థిని ఓటు అడిగే పద్ధతి. అంతకు ముందు నాయకుడు కావాలంటే పక్క రూము తలుపు కొట్టాలె, లేడీస్ హాస్టల్ ముంగట నిలబడి ప్రశ్నలకు జవాబు చెప్పాలె, గెలిచినాక ఏడాది తిరిగేసరికి మళ్ల అదే తలుపు కొట్టాలె. ఎన్నికలు పోయినాక నాయకుడు కావాలంటే ఒక ఫ్లెక్సీ చాలు. దాని మీద పైన పెద్ద నాయకుని బొమ్మ, కింద మన బొమ్మ. లెక్క చెప్పేది కింది వాళ్లకు కాదు, పై వాళ్లకు అయింది.

ఎన్నికలు మళ్ల పెడితే మళ్ల కత్తులొస్తయని అంటరు. దానికి జవాబు సుప్రీంకోర్టు 2006లోనే ఇచ్చింది. లింగ్డో కమిటీ సిఫారసులను అమలు చేయమన్నది. అభ్యర్థి ఖర్చు 5000 రూపాయలు దాటొద్దు. అచ్చు పోస్టర్లు వద్దు, చేతితో రాసినవే ఉండాలె. పార్టీల పైసలు తీసుకోవద్దు. డిగ్రీకి 22 ఏండ్లు, పరిశోధక విద్యార్థికి 28 ఏండ్లు దాటొద్దు. 75 శాతం హాజరు ఉండాలె. నేర చరిత్ర ఉండొద్దు. ఈ నిబంధనల్లో కొన్నిటి మీద మాకు పేచీ ఉన్నది, వాటి గురించి ఇంకోసారి మాట్లాడుకుందం. కానీ పద్ధతి లేదు కాబట్టి ఎన్నికలు లేవనే మాట చెల్లదు. పద్ధతి ఉన్నది, పెట్టాలనే మనసే లేదు. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. పిల్లల ఉద్యమంతో వచ్చిన రాష్ట్రం కదా, మొదటి కానుక పిల్లల ఓటే అయితదనుకున్నం. మొదటి పదేండ్లలో అది జరగలేదు.

గెలిచిన ఉద్యమం, మిగిలిన అప్పు

2009 నవంబర్ 29 తర్వాతి రోజులు మీలో పెద్దోళ్లకు కండ్ల ముంగటనే ఉన్నయి. లాఠీలు, బాష్పవాయువు, ముండ్లకంచెలు. డిసెంబర్ 9 ప్రకటన, డిసెంబర్ 23న వెనుకకు పోయిన ప్రకటన. 2010 జనవరి 3న కోర్టు అనుమతితో జరిగిన విద్యార్థి గర్జన. ఉస్మానియా నుంచి కాకతీయ దాకా విద్యార్థుల పాదయాత్ర. 2011లో మిలియన్ మార్చ్. అదే ఏడు సెప్టెంబర్ 13 నుంచి 42 రోజుల సకల జనుల సమ్మె. పంతుళ్లు, గుమాస్తాలు, ఆర్టీసీ డ్రైవర్లు, సింగరేణి కార్మికులు జీతాలు పోగొట్టుకొని నిలబడ్డ సమ్మె అది. విశ్వవిద్యాలయం ఊరితోటి, ఆఫీసుతోటి, గనితోటి చేయి కలిపితే ఏమైతదో అప్పుడు చూసినం.

అయితే ఆ రోజుల గురించి ఒక మాట నోరు తెరిచి చెప్పాలె. ఎంతోమంది పిల్లలు తమ ప్రాణం తామే తీసుకున్నరు. వాళ్ల ఫోటోలకు మనం దండలు వేసినం, పాటలు కట్టినం. వాళ్లను మరువం, మరువద్దు. కానీ మనం అప్పుడు చేయాల్సినంత గట్టిగ 'వద్దు బిడ్డా' అని చెప్పలేదు. బతికుండి కొట్లాడటమే పోరాటమని వందసార్లు చెప్పాల్సిన చోట పదిసార్లు చెప్పినం. ఆ చార్టు మూడో వరుసలో మన పేర్లు కూడా ఉన్నయి. ఇయాల ఏ నోటిఫికేషన్ కోసమో, ఏ పరీక్ష ఫలితం కోసమో ఎదురుచూసి గుండె చెదిరిన తమ్ముడు, చెల్లె ఎవరున్నా, పక్క రూము తలుపు కొట్టండి. ఆ తలుపు తీసి కూర్చోబెట్టి మాట్లాడటం ఏ పెద్ద సభకూ తక్కువ గాని నాయకత్వం.

రాష్ట్రం వచ్చినాక ఏమైంది? ఉద్యమంలో ముందున్న విద్యార్థుల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది చట్టసభలకు పోయిన్రు. మంచిదే. మిగిలిన వేలమంది కోచింగు సెంటర్లలో కూర్చున్నరు. 2023 మార్చిలో పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి, రాసిన గ్రూప్-1 ప్రిలిమ్స్ కూడా రద్దయింది. 2025 మార్చిలో ఉస్మానియాలోనే విభాగాల్లో, ఆఫీసుల్లో ధర్నాలు, నినాదాలు చేయొద్దని సర్క్యులర్ వచ్చింది. ఏ మెట్ల మీద నినాదాలిస్తే రాష్ట్రం వచ్చిందో ఆ ఆవరణలో అది వచ్చింది. ప్రభుత్వాలు మారినయి. ప్రశ్న అంటే ఉన్న భయం మాత్రం కుర్చీతోపాటే కొత్తోళ్లకు వస్తున్నది.

గచ్చిబౌలి చెప్పిన పాఠం

ఇక్కడ మిమ్మల్ని తార్నాక నుంచి గచ్చిబౌలికి తీసుకపోతం. ఆ రెండిటికీ నడుమ ఒక పాత సంబంధం ఉన్నది. 1969 ఉద్యమం, తర్వాత జై ఆంధ్ర ఉద్యమం చూసినాక కేంద్రం 1973లో ఆరు సూత్రాల పథకం తెచ్చింది. అందులో హైదరాబాద్‌లో ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయం పెడుతమని ఒక సూత్రం. రాజ్యాంగంలో 371-ఇ అధికరణం చేర్చి, 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం పెట్టిన్రు. అడిగింది రాష్ట్రం, ఇచ్చింది విశ్వవిద్యాలయం. అంటే ఆ రాళ్ల గుట్టల్లో, ఆ చెరువుల పక్కన ఉన్న బడి కూడా మన ఉద్యమాల బిడ్డనే.

2025 మార్చిలో కంచ గచ్చిబౌలిలో ఆ విశ్వవిద్యాలయాన్ని ఆనుకొని ఉన్న 400 ఎకరాలను వేలం వేయాలని రాష్ట్ర ప్రభుత్వం పూనుకున్నది. 2004లో ఒక ప్రైవేటు కంపెనీకి ఇచ్చి, 2006లో రద్దు చేసి, కోర్టుల్లో గెలిచిన భూమి అది, మాది అని ప్రభుత్వం అన్నది. కాగితం ఎవరి పేరు మీదున్నా అది అడివి, అందులో జింకలున్నయి, నెమళ్లున్నయి, వాన నీళ్లు ఇంకేది అక్కడ్నే అని విద్యార్థులన్నరు. మార్చి 30న, ఉగాది పండుగ నాడు, జేసీబీలు దిగినయి. అడ్డం పోయిన విద్యార్థులను పోలీసులు వ్యాన్లలో ఎక్కించిన్రు. రాత్రిపూట కూడా యంత్రాలు నడిచినయి.

అక్కడి విద్యార్థులు నినాదాలిచ్చిన్రు, తరగతులు బహిష్కరించిన్రు. అంతటితో ఊకోలేదు. ఏ పిట్టలున్నయి, ఏ చెట్లున్నయి, ఏ రాతి గుట్టలున్నయి అని వాళ్లు, వాళ్ల సీనియర్లు ఏండ్ల నుంచి నమోదు చేసుకున్న జాబితాలు బయటపెట్టిన్రు. కోర్టుకు పోయిన్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కేసు తీసుకొని, చెట్లు కొట్టుడు ఆపమన్నది. తర్వాత, నరికిన 100 ఎకరాలను మళ్ల ఎట్ల పెంచుతరో చెప్పమని రాష్ట్రాన్ని అడిగింది. నోటుబుక్కు పట్టుకొని పొద్దుగాల ఐదింటికి వంటింట్లో నిలబడ్డ పిలగాడు మాకు అక్కడ మళ్ల కనవడ్డడు.

అక్కడ ఇంకోటి కూడా ఉన్నది. విద్యార్థులు ఓటేసి ఎన్నుకున్న సంఘం. పోలీసులతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు, పత్రికలతో మాట్లాడాల్సి వచ్చినప్పుడు 'మీరెవరు' అని అడిగితే 'మమ్మల్ని ఎన్నుకున్నరు' అని చెప్పగలిగిన్రు. మన రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అట్ల చెప్పే విద్యార్థి ఉన్నడా?

ఎన్నికలుంటే అన్నీ బాగైతయని మేం అంటలేం. అదే క్యాంపస్‌లో అయిదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి వెళ్లగొట్టిన్రు. వాళ్లలో ఒకడు రోహిత్ వేముల. 2016 జనవరి 17న ఆయన్ను పోగొట్టుకున్నం. ఓటు పెట్టె ఉన్న చోట కూడా కులం తన పని తాను చేసుకపోతది. ఇంకోటి, 2025లో కంచ గచ్చిబౌలి మీద కంప్యూటర్లో సృష్టించిన దొంగ బొమ్మలు కూడా తిరిగినయి. నిజం మన వైపు ఉన్నప్పుడు అబద్ధం బొమ్మ ఎందుకు? అది ఎదుటోనికి మనం చేజేతులా ఇచ్చిన కట్టె. ఎదుటోని లెక్క తప్పని చెప్పాలంటే ముందు మన లెక్క సరిగుండాలె.

రేపటి నుంచి ఏం చేద్దాం

సభలంటే తీర్మానాలుంటయి. మేం తీర్మానాలు చెప్పం, పనులు చెప్తం.

మొదటిది, ప్రతి హాస్టల్‌లో మెస్సు లెక్క గోడ మీదికి రావాలె. కమిటీలో ఏ జిల్లా, ఏ కులం, ఏ సంఘం అని చూడకుండా వంతులు తిరగాలె. మీ దోస్తులు ఊరికే తిన్న పూటలు కూడా రాయాలె. ఇది చిన్న పని అనిపిస్తది. రూము నంబర్ల లెక్క రాయలేనోడు రాష్ట్రం బడ్జెట్ లెక్క అడగలేడు.

రెండోది, సంఘం ఎన్నికలు అడగాలె. అన్ని సంఘాలు కలిసి అడగాలె. ఎర్ర జెండా, కాషాయ జెండా, నీలి జెండా, గులాబీ జెండా, మూడు రంగుల జెండా, ఏ జెండా అయినా సరే, ఓటు పెట్టె కావాలన్న ఒక్క మాట మీద నిలబడలేకపోతే మన ప్రజాస్వామ్యం మాటలన్నీ ఉత్తవే. అడిగేటప్పుడు ఆడపిల్లలకు పదవుల్లో సగం అని ఇప్పుడే రాసుకోవాలె. ఉద్యమంలో లాఠీ దెబ్బలు సగం వాళ్లు తిన్నరు, వేదిక మీద కుర్చీలు మాత్రం మనం నింపినం. ఇది కూడా మూడో వరుసలో రాయాల్సిందే.

మూడోది, గోడ అవతల ఉన్నోళ్లను చూడాలె. ఉస్మానియా పక్కనే మాణికేశ్వరి నగర్ ఉన్నది. రాళ్లు కొట్టినోళ్ల, కూలి చేసుకునేటోళ్ల బస్తీ. మన లెక్చర్ హాళ్లకు, ఆ ఇండ్లకు నడుమ పది నిమిషాల నడక. ఆ పదినిమిషాలు నడిచి పోయిన విద్యార్థులెంతమంది? పదో తరగతి పిల్లలకు వారానికి రెండు సాయంత్రాలు లెక్కలు, ఇంగ్లీషు చెప్పండి. 18 నిండినోళ్ల పేర్లు ఓటరు జాబితాలో ఉన్నయో లేవో చూడండి. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ ఒకటో తారీఖులు నాలుగూ అర్హత తేదీలే, ఏడాదంతా ఆగాల్సిన పని లేదు. రేషన్ కార్డో, పింఛనో ఆగితే 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసివ్వండి. పది రూపాయల దరఖాస్తు అది. ఆ బస్తీ తల్లి ఒక్కసారి తన చేతితో దరఖాస్తు పెట్టి జవాబు తెప్పించుకుంటే, మనం పది ఉపన్యాసాలు ఇచ్చినదానికన్న ఎక్కువ.

నాలుగోది, ఉద్యోగ మిత్రులకు. విశ్వవిద్యాలయాల్లో పర్మనెంటు నియామకాలు ఏండ్ల తరబడి నిలిచిపోయి, పార్ట్‌టైమ్, కాంట్రాక్టు అధ్యాపకుల మీదనే తరగతులు నడుస్తున్నయి. ఊడ్చేటోళ్లు, కావలి కాసేటోళ్లు ఏజెన్సీల కింద ఉన్నరు. వాళ్ల సమస్య వాళ్లదే అని పర్మనెంటు ఉద్యోగి అనుకుంటే, 42 రోజుల సమ్మెలో మనం పాడిన పాటలకు అర్థం లేదు. పీఎఫ్ పడుతున్నదా లేదా అని మీ ఆఫీసు ఊడ్చే అమ్మ తరఫున ఒక్కసారి అడగండి. చదువుకున్న మీరు అడిగితే చెప్తరు, ఆమె అడిగితే రేపు రావద్దంటరు.

మిత్రులారా, చాలాసేపు మాట్లాడినం. పోయిన నెల మేం కొందరం పాత హాస్టల్ చూసొద్దామని పోయినం. మెస్సు హాలు ఉన్నది. గోడకు కొత్త సున్నం వేసిన్రు. చార్టు అంటించిన చోట ఒక నాయకుని పుట్టినరోజు శుభాకాంక్షల పోస్టర్ ఉన్నది. అక్కడ తింటున్న ఒక తమ్మున్ని అడిగినం, ఈ నెల బిల్లు ఎంత వచ్చింది, ఎందుకంత వచ్చింది అని. ఎంతో చెప్పిండు. ఎందుకో తెల్వదన్నడు. ఎవరిని అడగాలో కూడా తెల్వదన్నడు.

ఆ తమ్ముడు ఇయాల ఈ హాలులోనే ఉన్నడు. మేం రమ్మంటే వచ్చిండు. పోయేటప్పుడు ఆయనకు ఇద్దామని ఒక నోటుబుక్కు తెచ్చినం. ఇంకెవరికన్నా కావాలంటే సభ అయినాక వచ్చి అడగండి, మా దగ్గర ఇంకొన్ని ఉన్నయి.

సెలవు.